కృతిభర్త మొదలు చందాదారు వఱకు



గ్రంథమును వ్రాయుట యొక యెత్తు. వ్రాసినదానిని లోకమునకు చేర్చుట యొక యెత్తు. మొదటిదానికి పాండిత్యమును ఓపికయు చాలును. రెండవదానికి ధనము కావలెను, ధనమిచ్చువాడు కావలెను, ఇచ్చినవాడు దానికి బదులుగా నేమి కోరునో ముందే కనిపెట్టగల లౌక్యమును కావలెను. గత మహాసభ మొదలు నేటి వఱకు మనవారిలో పలువురు, పద్యకృతులు చెప్పినవారు కొందఱు, వంశవృత్తాంతములు కూర్చినవారు కొందఱు, ఒకరిద్దఱు వైద్యగ్రంథములు సిద్ధపఱచినవారు, "మాస్టారూ, దీనిని అచ్చు వేయించుట యెట్లు?" అని మమ్మడుగుచున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె, మన తెలుగు గ్రంథకర్తలు వెనుక నే మార్గములు త్రొక్కిరో, వానివలన వారికేమి దక్కెనో, ఏమి పోయెనో యీ సంచికయందు వివరించుట మేలని తలచితిమి. మఱియు మన సంఘచరిత్ర ముద్రణమును గూర్చి యీ సభయే నిర్ణయము చేయవలసియున్నది. కావున నిది గ్రంథకర్తలకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

అచ్చు లేని కాలమున గ్రంథప్రకటన మనగా కృతిసమర్పణమే. కవి తన కావ్యమును ప్రభువునకో మంత్రికో యంకితము చేయును. కృతిభర్త కవిని సన్మానించును. కావ్యము నిలిచినంత కాలము అవతారికలోని తన వంశావళియు నిలుచునని యాతని యాశ. నన్నయభట్టారకుడు రాజరాజనరేంద్రుని ప్రేరణమున భారతాంధ్రీకరణమునకు పూనుకొనుట, పెద్దన మనుచరిత్రమును శ్రీకృష్ణదేవరాయల కంకితమొసగుట అందఱెఱిగినవే. మేము చదువరుల దృష్టికి తేగోరునవి మఱి రెండు సంగతులు.

తిక్కన సోమయాజి నిర్వచనోత్తర రామాయణమును నెల్లూరి ప్రభువైన మనుమసిద్ధి కంకితమొసగెను. ఆ కవియే భారతమునకు వచ్చునప్పటికి నరుని విడిచి హరిహరనాథుని కృతిభర్తగా గైకొనెను. మఱియు కేతన తన దశకుమార చరిత్రమును తిక్కనకే యంకితము చేయుటచే నాతడు తానును కృతిభర్త యయ్యెను. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును చవిచూచినవాడు భారతమునకు మాత్రము రాజును వలదనుకొనుటలో నేదో వివేకమున్నదని మాకు తోచును. అందఱికిని ఉద్దేశింపబడిన గ్రంథము ఒక్కరి వంశావళితో మొదలగుట యాతనికి రుచింపలేదేమో. పోతన భాగవతమును శ్రీరామున కర్పించుటయు నీ త్రోవలోనిదే.

రెండవది శ్రీనాథుని సంగతి. ఆయన కృతిభర్తలను చూడుడు. శృంగారనైషధమునకు మామిడి సింగన మంత్రి, భీమేశ్వర పురాణమునకు బెండపూడి అన్నయ మంత్రి, కాశీఖండమునకు రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి, హరవిలాసమునకు అవచి తిప్పయసెట్టి. ఈ కడపటివాడు రాజు కాడు, మంత్రి కాడు. సముద్రవ్యాపారము చేసిన వర్తకుడు. అనగా కృతి పుచ్చుకొనుటకు సింహాసన మక్కఱలేదనియు, ధనమును రసికతయు నున్న గృహస్థు చాలుననియు నానాడే తేలినది. నేడు మన సభలను పోషించు దాతలందఱును తిప్పయసెట్టికి వారసులే యనవచ్చును. అయితే, ఆశ్రయమిచ్చిన ప్రభువులు గతించిన పిదప శ్రీనాథుడు కడగండ్లపాలయ్యెనని యైతిహ్యము. ఆ మార్గములోని లోపమంతయు నందున్నది. కృతిభర్త యున్నంతవఱకే కవికి దిక్కు. కావ్యమును ఎందఱు చదివినను, ఆ చదువువలన కవి యింటికి గింజ రాదు.

అచ్చు మన భాషకు పరదేశమున మొదలైనది. షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు 1746, 1747 సంవత్సరములలో జర్మనీ దేశపు హాలే నగరమున తెలుగు పుస్తకములను ముద్రింపించెను. పిదప 1814లో శ్రీరామపురమున కేరీ వ్యాకరణమును, 1816లో చెన్నపట్టణమున క్యాంబెలు వ్యాకరణమును వెలువడెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించిన బ్రౌనుదొర పండితులకు తన జీతము నుండియే జీతములిచ్చి ప్రతులను శోధింపజేసెను. ఇవి యన్నియు పాదరులును దొరలును చేసిన పనులు. తెలుగువాడే తెలుగు పుస్తకమును ముద్రించి, అమ్మి, దానితో బ్రదుకుట యనునది 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు చెన్నపురిలో ముద్రణాలయమును స్థాపించుటతో స్థిరపడినది. మా గురువులు శ్లోకపాఠమున సందేహము వచ్చినప్పుడెల్ల "వావిళ్లవారి ప్రతి చూడుము" అనెడివారు. మంచి ప్రకాశకుడనగా నెట్టివాడో తెలియుటకు ముద్దుపళని రాధికా సాంత్వనము సంగతి చాలును. బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు దానిని ప్రకటించిరి. దొరతనమువారు నిషేధించిరి. ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానులైన పిదపగాని యా నిషేధము తొలగలేదు. అంతకాలము ఆ గ్రంథమును చేవిడువని ప్రకాశకుని వట్టి పుస్తకవర్తకుడని యెవరనగలరు?

ఈ సందర్భమున నొక చిన్న మాట. 1867 నాటి ముద్రణాలయ చట్టము ననుసరించి ప్రతి పుస్తకమును ప్రభుత్వమునకు దాఖలు చేయవలసియుండెను. పేరు, కర్త, పుటలు, ప్రతుల సంఖ్య, వెల, అన్నిటికంటె ముఖ్యముగా గ్రంథస్వామ్యము ఎవరిదో యా పట్టికలలో వ్రాయబడెడిది. ఆ చట్టము 2024లో తొలగినది. కాని నూటయేబది సంవత్సరములకు పైబడిన ఆ యేర్పాటు మనకొక పాఠమును మిగిల్చినది. పుస్తకమును వ్రాసినవాడొకడు, దానికి స్వామి వేఱొకడు కావచ్చును. కృతిభర్తకు కావలసినది కీర్తి. వర్తకునకు కావలసినది స్వామ్యము. కీర్తి నిచ్చినవాడు మఱల మఱల నీయగలడు. స్వామ్యమును ఒకసారి యిచ్చినవాడు రెండవసారి యిచ్చుటకేమియు నుండదు.

ఈ రెంటిని తప్పించుకొనినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1874లో వివేకవర్ధనిని ప్రారంభించినప్పుడు అది చెన్నపట్టణమున ముద్రితమగుచుండెను. తరువాత వారు రాజమహేంద్రవరముననే ముద్రణాలయమును నెలకొల్పుకొనిరి. రాజశేఖర చరిత్రము 1878 నుండి ఆ పత్రికలోనే ప్రకరణములుగా వచ్చి, 1880లో పుస్తకరూపము దాల్చెను. చదువరి ముందుగా పత్రికలో రుచి చూచును, పిదప పుస్తకమును కొనును. ఇంతకంటె తెలివియైన ప్రకటనమార్గమును మేమింతవఱకు చూడలేదు. లంచగొండి యధికారులను పేర్కొనియు, 1881 డిసెంబరులో ప్రథమ వితంతు వివాహమును జరిపియు ఊరంతటిని ఎదిరించిన మనుష్యుడు, తన వ్రాతలకై పరుల యంత్రముపై నాధారపడియుండినచో వానిలో నెన్ని వెలుగు చూచియుండెడివి? వారు కడకు తమ యాస్తిని తాము స్థాపించిన హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. స్వామ్యమును ఎవరికిని అమ్ముకొననివాడు మాత్రమే తన గ్రంథముల ఫలమును లోకోపకారమునకు విడువగలడు. కాని యందఱును వీరేశలింగములు కాలేరు. వారి గ్రంథములు కొన్ని పాఠశాలలలో పఠనీయములగుటచే విక్రయమునకు లోటు లేకుండెను. మనవారిలో నొకరు సొంత ధనముతో వేయి ప్రతులు వేయించి, పెండ్లిండ్లకు నూఱు పంచి, మిగిలిన తొమ్మిదివందలను అటుకమీద చెదలకర్పించిన సంగతి మనకు తెలియనిది కాదు. సొంత వ్యయముతో ముద్రించుట తప్పు కాదు. అమ్ముటయు తన పనియే యని మఱచుట తప్పు.

జమీందారుల యౌదార్యమును తక్కువ చేయరాదు. సాయణభాష్యముతో కూడిన ఋగ్వేదమును మాక్సుమూలరు రెండవసారి ముద్రించుటకు విజయనగర మహారాజావారైన ఆనందగజపతులు వ్యయము భరించిరి. సంస్కృతము చదివిన మావంటివారు వారికి ఋణపడియున్నాము. గురజాడవారు 1897లో కన్యాశుల్కమును ఆ ప్రభువునకే యంకితమొసగిరి. పిఠాపుర ప్రభువుల పేర వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రథమ సంపుటము 1936లో వెలువడినది. మా బల్లపై నేటికిని అది లేని దినము లేదు. అయినను, అందు చోటు పొందవలసినది కావ్యభాషయే యని పరిషత్తువారు గీత గీయుటచే, రైతు నోటిలో దినమును నలుగు మాటలకందు ప్రవేశము లేకపోయెను. గిడుగు రామమూర్తి పంతులుగారు దానిని తీవ్రముగా విమర్శించిరి. మేము గ్రాంథికమునందే పెరిగినవారమైనను, ఈ యొక్క విషయమున గిడుగువారి పక్షమే న్యాయమని మా యభిప్రాయము. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దగుటచే నా యూట యెండిపోయినది.

మఱి నాల్గవ మార్గము చందాదారులది. దీనిపై మేము కొంత విస్తరించి వ్రాయుదుము. ఏలయన మనకు పనికివచ్చునది యిదియే. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. మునగాల రాజావారైన నాయని వెంకటరంగారావుగారు పోషకులై నిలిచిరి. 1908లో మండలి చెన్నపట్టణమునకు మారినది. అది ప్రకటించిన మొదటి పుస్తకమేమి? రాజావారి వంశచరిత్రము కాదు. గాడిచర్లవారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెలు కొట్టి బ్రదికిన యింట పుట్టి దేశాధ్యక్షుడైన పరదేశీయుని కథ. పిదప ప్రకృతిశాస్త్రములు, చరిత్రములు వచ్చినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమ భాగము 1910లో వచ్చినది. పోషకుడున్నను, పుస్తకమును చందాదారుల కొఱకు వ్రాయుట, వారి యందుబాటులో వెల నుంచుట, వరుసగా నొకదాని వెనుక నొకటి చేర్చుట యా మండలి పద్ధతి. పోషకుడు తెర వెనుక నిలిచెను, చదువరి ముందునకు వచ్చెను. ఇదియే దాని ఘనత.

ఆ మార్గమునకును హద్దు లేకపోలేదు. లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము వారు 1923లో కాలధర్మము నొందుటచే అసంపూర్తిగా నిలిచెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మఱల చేపట్టిరి. 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించి చౌకవెలకు పుస్తకముల నందించిరి. అమృతాంజనము డబ్బాలు అమ్మిన ధనము అక్షరములుగా మాఱినదని మేము తరగతిలో విద్యార్థులకు చెప్పుచుండెడివారము. నిజాము రాజ్యమున వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే మోసికొని యూరూర తిరిగి యమ్మిరి. వారికి రాజపోషణము లేదు, పెట్టుబడి లేదు, కాళ్లున్నవి. తెలంగాణమున కవులే లేరను మాటకు ప్రత్యుత్తరముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపిరి. ఏ యొక్క ధనికుని పేరను వెలసిన గ్రంథము కాదది. ఊరూర నుండి పంపబడిన పద్యములతో నిండినది.

ఇక మన సంఘచరిత్ర సంగతి. పదునొకండేండ్లుగా మేమును మిత్రులును శాసనములు, దేవాలయముల దానపత్రములు, సత్రముల లెక్కలు, విద్యార్థి వసతిగృహముల నివేదికలు సేకరించి దీనిని సిద్ధము చేసితిమి. ముద్రణ వ్యయమంతయు తామే భరింతుమని మన దాతలిరువురు ముందునకు వచ్చిరి. వారి యౌదార్యమునకు సభాముఖమున నమస్కరించుచున్నాము. వసతిగృహములకు వారి కుటుంబములు చేసిన మేలు గ్రంథమున యథాతథముగా వ్రాయబడియేయున్నది. కాని యొకరు, తమ పూర్వులు ఫలానా రాజుల కొలువున దండనాయకులని చేర్పవలెనని కోరిరి. మేము చదివిన శాసనమున ఆ యింటిపేరుగల పురుషుడు దేవాలయమున అఖండదీపమునకై గొఱ్ఱెలనిచ్చిన దాతగా కన్పట్టుచున్నాడు. దండనాయకుడుగా కన్పట్టుట లేదు. వందల యేండ్ల క్రిందట నొక యూరి దేవళమున దీపము ఆరకుండ చూచినవాడు గొప్పవాడు కాడా? ఆయన పేరు రాతిపై నున్నది. దండనాయకుల పేరులు పెక్కు మాసిపోయినవి.

తప్పు అడిగినవారిది కాదు, పద్ధతిది. వ్యయమంతయు నిచ్చినవానికి అడుగు హక్కు తనంతట తానే వచ్చును. పుచ్చుకొన్నవానికి కాదను నోరు రాదు. వేయిమంది తలకొక ప్రతి కొనినచో, ఏ యొక్కరును తమ తాతను దండనాయకుని చేయుమని యడుగలేరు. కావున దాతలను మేము వేడునదేమనగా, మొత్తమునకు బదులు ప్రతులను కొనుడు. ఏబది ప్రతులు తీసికొని మన వసతిగృహములలోని పిల్లలకు పంచిపెట్టుడు. చందాదారుల పట్టిక గ్రంథాంతమున అకారాది క్రమమున, ఒకే యక్షరపరిమాణమున నుండును. ఏబది తీసికొన్నవారును ఒకటి తీసికొన్నవారును ఆ వరుసలోనే యుందురు. చందాలు పోగగు వఱకు గ్రంథమాగును, పెద్దలు ముదుసలులైయున్నారని కొందఱందురు. పదునొకండేండ్లు వేచినవారము ఇంకొక యాఱు నెలలు వేచుట కష్టము కాదు. కన్నులు సరిగా కనబడుచుండగనే ప్రూఫులు దిద్దవలెనను తొందర మాకును ఉన్నది.

పుస్తకవర్తకునకే యిచ్చివేయుదమను వారికి చట్టము చెప్పునది తెలియవలెను. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునుబట్టి స్వామ్యము కర్త జీవితకాలమంతయు, గతించిన పిదప 60 ఏండ్లును ఉండును. పరులకిచ్చుట వ్రాతమూలకముగ, సంతకముతోనే జరుగవలెను. పత్రమున కాలపరిమితి చెప్పనిచో 5 ఏండ్లని, ప్రదేశము చెప్పనిచో భారతదేశము మాత్రమేయని యర్థము. మాతోపాటు పనిచేసిన పండితులొకరు వ్యాకరణపాఠములను చక్కగా కూర్చి యొక పట్టణపు వర్తకునకు స్వల్పమొత్తమునకు ఇచ్చివేసిరి. ఏటేట పిల్లలు కొనుచునేయుండిరి. పండితులకు ఉచితముగా నొక్క ప్రతియైన రాలేదు. ఆ కాగితమున కాలపరిమితి లేదు. అయిదేండ్లు నిండగనే స్వామ్యము తమకు మఱలినదని వారెఱుగరు, ఎఱిగినవాడు చెప్పలేదు. వారు గతించిన పిదప కుమార్తె న్యాయవాది వలన సంగతి తెలిసికొని, మలికూర్పును తన పేర వేయించినది. వర్తకునకు ముద్రణహక్కును ఒక కూర్పునకు, ఇన్ని ప్రతులకు, ఇన్ని యేండ్లకు అని నియమించి యిచ్చుట మేలు.

ముద్రణమును గూర్చి నాలుగు మాటలు. మన గ్రంథము డెమ్మీ 1/8 పరిమాణమున ఇంచుమించు 480 పుటలు, అనగా 16 పుటల ఫారములు 30. అక్షరకూర్పు, ప్లేట్ల వ్యయము నూఱు ప్రతులకైనను వేయికైనను ఒక్కటే. పెరుగునది కాగితమును బైండింగును మాత్రమే. ఆశపడి వేయికి బదులు మూడువేలు వేయించుటకు ఇదియే కారణము. చందాల సంఖ్యకు నూటికి ఇరువది చేర్చి వేయించినచో చాలును. తక్కువైనచో నేడు కంప్యూటరు వలన ఏబది ప్రతులైనను కావలసినప్పుడు వేయించుకొనవచ్చును. అమెరికాయందున్న మనవారికి ఈ పద్ధతిని అక్కడనే ముద్రితమగును; తపాలా ఖర్చు మిగులును. అక్షరకూర్పు చేయువారి నుండి అచ్చు ప్రతియే గాక యూనికోడు ప్రతియు తప్పక తీసికొనవలెను. అను లిపిలో మాత్రమే యున్న ప్రతి యిరువదియేండ్లకు చదువరాని తాళపత్రమగును. పుస్తక సంఖ్యయగు ఐ.ఎస్.బి.ఎన్. మన దేశమున కేంద్రప్రభుత్వ సంస్థ ద్వారా ఉచితముగనే లభించును. దానికై రుసుము గుంజువారిని నమ్మవలదు.

ప్రతులు పంచు క్రమమును గూడ నిర్ణయించితిమి. 1954 నాటి చట్టము ననుసరించి, వెలువడిన 30 దినములలోపల కలకత్తా జాతీయ గ్రంథాలయమునకు, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయమునకు, ముంబయి, ఢిల్లీ నగరములలోని గ్రంథాలయములకు ఒక్కొక్క ప్రతి పంపబడును. ఆపైన వేటపాలెము సారస్వత నికేతనమునకు, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు, మన వసతిగృహములన్నిటికిని చేరును. గొఱ్ఱెల శాసనమున్న యూరి దేవాలయమునకు నొక ప్రతిని మేమే స్వయముగా తీసికొనిపోయెదము. చందాపుస్తకము సభ జరుగు మూడు దినములును కార్యదర్శిగారి వద్ద నుండును. పేరు, ఊరు, ప్రతుల సంఖ్య వ్రాసిన చాలును, బిరుదులు వ్రాయనక్కఱలేదు.